అన్నా, ఫ్యాను!

ఏప్రిల్ 4, గురువారం

వదిన ఫోను చేసింది. ఈ నెలాఖరు ఆదివారం వచ్చి అత్తయ్యను తన దగ్గరికి తీసుకెళ్ళిపోతుందట. "అమ్మకి మార్పుగా ఉంటుంది, నీకూ కాస్త ఊపిరి సలుపుతుంది. ఎన్నాళ్ళని చేస్తావు నువ్వు మాత్రం?" అంది. మంచి మనిషి. తన తమ్ముడు పోయాక కూడా నాతో మాటలో తేడా రానివ్వలేదు. సరేనన్నాను.

నిజమే, ఊపిరి సలుపుతుంది. పొద్దున్నే అత్తయ్య కళ్ళలో చుక్కలు వేసి, మాత్రలు వరసగా డబ్బాలో సర్ది, ఏ గ్లాసు ఎక్కడుందో చెప్పి, తాళం వెయ్యాలా వద్దా అని గుమ్మంలో కాసేపు తన్నుకులాడి, ల్యాబ్‌కి పరుగు. సాయంత్రం మళ్ళీ అదే పరుగు ఇటువైపు. ఇకమీదట ఆ గోల ఉండదు. నాకేం, హాయిగా ఉంటుంది.

అత్తయ్యతో చెప్పాను. "ఓహో" అంది. ఆ ఓహోలో ఏముందో నాకు అంతుపట్టలేదు. ఎక్కువసేపు వెతకలేదు కూడా.

ఫోను పెట్టేసే ముందు వదిన, "హాల్లో ఫ్యాను బాగుచేయించారా? ఈ ఎండల్లో ఆ బల్లఫ్యానుతో ఎలా ఉంటున్నారు?" అని అడిగింది. ఎలక్ట్రీషియన్ దొరకడం లేదన్నాను.

ఏప్రిల్ 5, శుక్రవారం

కింద వాటాలో ఉండే ఎలక్ట్రీషియన్ మెట్ల మీద ఎదురయ్యాడు. "పనేమైనా ఉందామ్మా?" అన్నాడు. లేదన్నాను.

ఏప్రిల్ 6, శనివారం

ఇవాళ ల్యాబ్‌లో పళ్ళ కన్నా మాటలు ఎక్కువ. మా డైరెక్టరుగారికి ఊపొచ్చింది.

ఆయన ఏ కంపెనీకీ డైరెక్టరు కాదు, సినిమా పిచ్చి చూసి మేం పెట్టిన పేరు. డాక్టర్లు పంపించే నోటి కొలతల్లో ప్లాస్టరు పోసి దవడల అచ్చులు తీస్తారు. వాటి మీద నేను మైనం పరిచి కట్టుడు పళ్ళు అమరుస్తాను. ప్లాస్టరు గట్టిపడేదాకా ఆయనకి పని ఉండదు, ఆ ఖాళీ అంతా సినిమాల మీద ఖర్చు పెడతారు. శనివారాలు లైబ్రరీ మేడమీద గదిలో నలుగురిని పోగేసి ఏవేవో దేశాల సినిమాలు వేస్తారు. నలుగురూ అంటే నిజంగా నలుగురే. అందులో ఒకాయన నిద్రపోవడానికి వస్తాడు.

"చెల్లెమ్మా, కటలాన్ సినిమా ఎప్పుడైనా చూశావా?" అన్నారు.

"అది మందా, భాషా?" అన్నాను. మైనం చాకు దీపం మీద వేడెక్కుతోంది, నాకు పై ముందు పళ్ళ వరస కుదరడం లేదు, చిరాగ్గా ఉన్నాను.

"భాషమ్మా. బార్సిలోనా పేరు విన్నావుగా, ఆ చుట్టుపక్కల మాట్లాడతారు. వాళ్ళ దేశంలో నియంత ఒకడుండేవాడు. వాడి హయాంలో ఏళ్ళ తరబడి బళ్ళో, ఆఫీసులో ఆ భాష వినబడనివ్వలేదు. ఇళ్ళలో మాత్రం ఎవడాపుతాడు? వంటింట్లో బతికింది, పొలంలో బతికింది. అందుకేనేమో, వాళ్ళ సినిమాలు చూస్తుంటే పక్కింటి వంటింట్లోంచి మాటలు వింటున్నట్టే ఉంటుంది. ఇప్పుడక్కడ చిన్న వయసువాళ్ళు తీస్తున్నారు, ఆడపిల్లలు చాలామంది. పెద్ద హీరోలుండరు. కొందరైతే అసలు నటులే కానివాళ్ళని తెచ్చి, కొన్నాళ్ళు ఒకచోట కలిపి ఉంచి, వాళ్ళు నిజంగా ఒకరినొకరు విసుక్కోవడం మొదలెట్టాక కెమెరా పెడతారు."

"విసుక్కోవడానికి అంత దూరం పోవాలా, మన ల్యాబ్‌లో పెట్టమనండి కెమెరా."

ఆయన నవ్వి నా చేతిలోని వరస చూశారు. "ఇదిగో, నువ్వు మరీ వరసగా పెట్టేశావు. కట్టుడు పళ్ళని వీధి చివరి నుంచే తెలిసిపోతుంది. ఒక పన్ను కాస్త పక్కకి తిప్పు. వాళ్ళ సినిమాలూ అంతే. ఎక్కడో ఒక పన్ను వంకరగా వదిలేస్తారు. అప్పుడది నోరులా ఉంటుంది."

తిప్పాను. నిజంగానే నోరులా అయింది. ఒప్పుకోవడం ఇష్టం లేక దీపం ఆర్పేశాను.

వెళ్ళేటప్పుడు చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టారు. "మంచి సినిమా చెల్లెమ్మా. చిన్నది. బస్సు నడిపే ఆయన కథ. అక్కడి వీధుల్లో పెద్ద పోస్టర్లు కూడా పడి ఉండవు. నువ్వు చూడాలి" అన్నారు. నేనే ఎందుకు చూడాలో చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, కానీ అది మాత్రం నానింది.

ఏప్రిల్ 7, ఆదివారం

మధ్యాహ్నం ఒక్కదాన్నే చూద్దామని కూర్చున్నాను. హాల్లో చప్పుడు వినగానే అత్తయ్య గోడ పట్టుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. "ఏ భాష?" అంది. చెప్పాను. "అయితే నువ్వే దిక్కు" అంది.

అత్తయ్య కంటి చూపు మధ్యలో మచ్చ పడింది. పక్కలు కనిపిస్తాయి, సరిగ్గా చూడాలనుకున్నదే కనబడదు. ఎదుటి మనిషి చెవులు కనిపిస్తాయి, మొహం కనిపించదు. "అందరూ నా దగ్గర మొహం చాటేస్తున్నారే" అని తనే నవ్వుతుంది. ఇక అక్షరాల మాట చెప్పేదేముంది? పేపరు చదివి వినిపించే పని ఇదివరకు మా ఆయనది. పోయిన వానల నుంచి ఈ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏదీ చదవలేదు. ఆవిడ అడగలేదు, నేను చదువుతాననలేదు.

ఇవాళ చదివాను. తెర కింద ఇంగ్లీషు పడుతుంది, నేను తెలుగు చేసి చెబుతాను. మొదట్లో రైలు వెనకాల పరిగెత్తినట్టు ఆయాసం. తర్వాత కుదురుకుంది.

కొండల మధ్య చిన్న చిన్న ఊళ్ళు కలుపుతూ తిరిగే పాత బస్సు. నడిపేది తండ్రి, టిక్కెట్లిచ్చేది కూతురు. ఆ బస్సు ఆపేస్తారట త్వరలో. అంతకు ముందు టిక్కెట్లు ఇచ్చింది కొడుకు. కొత్తగా ఎక్కిన ముసలాయనొకడు, "మీ అబ్బాయి కనబడడేం?" అని అడిగాడు. డ్రైవరు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఏదో అన్నాడు. కింద అక్షరాలు పడ్డాయి.

"పట్నంలో ఉద్యోగం వచ్చిందట, వెళ్ళాడట" అని చదివాను.

అక్కడ ఉన్నది అది కాదు.

నేను నీళ్ళు తాగాలని సినిమా ఆపేశాను. రోజుకి కాస్త చూద్దామన్నాను. సరేనంది.

ఏప్రిల్ 8, సోమవారం

ఇవాళ నవ్వీ నవ్వీ కడుపు నొప్పి పుట్టింది. ఎన్నాళ్ళయిందో ఈ ఇంట్లో నవ్వు వినబడి. రాసి పెట్టుకోవాలి.

బస్సు ఎక్కేవాళ్ళందరూ డ్రైవర్ని పలకరిస్తారు, ఆయన బదులు చెబుతాడు. నేను చదువుకుంటూ పోతున్నాను. "ఎలా ఉన్నావు?" "పర్లేదు." "ఎలా ఉన్నావు?" "బాగానే." "ఎలా ఉన్నావు?" "ఏదో, ఇలా." అత్తయ్య చెయ్యెత్తి ఆపింది.

"అమ్మాయ్, ఆ బస్సులో అంత ఉక్కగా ఉందా?"

"లేదత్తయ్యా, అందరూ స్వెట్టర్లు వేసుకున్నారు."

"మరి వాడు ఎక్కినవాళ్ళందర్నీ ఫ్యాను వెయ్యమంటాడేంటి?"

"ఎవరూ?"

"డ్రైవరే. ఎవడెక్కినా 'అన్నా, ఫ్యాను' అంటున్నాడు. ఆడవాళ్ళెక్కినా అన్నా అనే పిలుస్తున్నాడు, పోనీ వాళ్ళ పద్ధతేమో. మొదట వాళ్ళు 'కొంపా?' అంటారు, వీడు 'అన్నా, ఫ్యాను' అంటాడు. ఎవరి కొంప, ఎక్కడి ఫ్యాను?"

వెనక్కి తిప్పి విన్నాను. దేవుడా. ఒక్కసారి ఆవిడ చెప్పాక ఇంకేమీ వినబడదు. నెత్తిన టోపీ, నెరిసిన మీసం, పెద్దమనిషి, స్టీరింగు మీద చెయ్యేసి ఎంతో గంభీరంగా, "అన్నా, ఫ్యాను."

ఇద్దరం సోఫాలో దొర్లాం.

తర్వాత అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ, "అది సరే గానీ, వాడు ప్రతిసారీ ఒకటే మాటంటే నువ్వు రకానికొకటి చెప్తావేం?" అంది.

"కింద అలాగే పడుతోందత్తయ్యా."

"అయితే ఆ కింద రాసినవాడు చెవులు ఇంట్లో పెట్టి వచ్చుంటాడు."

ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. మొహాలు చూడకుండా గొంతులతో బతికింది. ఎదురింటి ఆయన దగ్గితే ఇవాళ ఏ చెప్పులు వేసుకున్నాడో చెప్పేలా ఉంటుంది. అలాగని అన్నీ సరిగ్గానే వింటుందనుకోకూడదు. నిన్న సినిమాలో మేకపిల్ల అరిస్తే, పసిబిడ్డని ఎవరూ ఎత్తుకోరేం అని చాలాసేపు బాధపడింది.

ఏప్రిల్ 9, మంగళవారం

ఈ నెల దాటితే సాయంత్రాలన్నీ నావే. అల్లిక నేర్చుకోవచ్చు. నాకు అల్లిక అంటే మొదటి నుంచీ చిరాకు.

ఏప్రిల్ 10, బుధవారం

"అన్నా, ఫ్యాను" సంగతి డైరెక్టరుగారికి చెప్పాను. ప్లాస్టరు గిన్నె పట్టుకుని అలా నిలబడిపోయారు. గిన్నెలోనే గట్టిపడిపోయింది, మళ్ళీ కలుపుకోవాల్సి వచ్చింది. ఆ సినిమా ఆయన చాలాసార్లు చూశారట, ఒకటే మాటని గమనించలేదట. ఓడల్లో వంట చేసే స్నేహితుడొకడున్నాడట, ఆ బార్సిలోనా రేవులో చాన్నాళ్ళున్నాడట, అడుగుతానన్నారు.

సాయంత్రం ఇంకాస్త చూశాం. బస్సు ఆపొద్దని అడగడానికి తండ్రి ఆఫీసుకి వెళ్తాడు. అత్తయ్య, "ఇక్కడ భాష మార్చాడు. గొంతు కూడా మార్చాడు, చేతులు కట్టుకుని మాట్లాడుతున్నట్టుంది" అంది. నేను చూసేసరికి ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఆఫీసుకి ఒక భాష, ఇంటికి ఒక భాష. రేపు ఇది కూడా డైరెక్టరుగారికి చెప్పాలి.

అత్తయ్య పడుకోబోతూ, "ఆ కుర్రాడు ఎప్పుడొస్తాడే పట్నం నుంచి?" అంది.

"వస్తాడు" అన్నాను.

ఏప్రిల్ 11, గురువారం

చూడలేదు. తలనొప్పి అన్నాను.

ఏప్రిల్ 13, శనివారం

ఓడ వంటాయన ఫోనులో మాట పంపాడు. డైరెక్టరుగారు వినిపించారు. వెనకాల గిన్నెల మోత, మధ్యలో ఆయన గొంతు: "అది ఫ్యాను కాదు బాబూ, నీ దుంపతెగ! 'అనా ఫెన్' అంటారు. 'కొం బా', అంటే ఎలా ఉన్నావని అడిగితే వాళ్ళనే మాట. బాగున్నానని కాదు, బాగాలేదనీ కాదు. మాటకి మాట చెప్పాలంటే, పోవడం, చేస్తూ. అంతే. అందులో నేను లేదు, మేము లేదు. నాకు అక్కడ కాలు విరిగినప్పుడు నేనూ అదే అనేవాణ్ణి. పెద్దగా ఏదీ చెప్పక్కర్లేకుండా గడిచిపోయేది."

ఇంటికొచ్చి చెప్పాను. ఇద్దరం కూర్చుని దానికి తెలుగు వెతికాం. నాకు పెళ్ళి సంబంధం వెతికినప్పుడు కూడా మావాళ్ళు ఇంత శ్రమ పడలేదు.

"నెట్టుకొస్తున్నాను" అన్నాను నేను.

"ఊహూఁ. అందులో మూలుగుంది. వాడు మూలగలేదు."

"నడుస్తోంది."

"అది బండిది. మనిషి లేడందులో."

"మరి?"

అత్తయ్య పెదాలు కదుపుతూ కాసేపు కూర్చుంది. "మా ఎక్స్ఛేంజిలో లైన్లన్నీ పడిపోయి, జనం తిడుతుంటే, సూపర్‌వైజరమ్మ వచ్చి ఎలా ఉందమ్మా అనేది. కానిస్తున్నామండీ అనేవాళ్ళం. అదీ మాట."

కానివ్వడం. అవును. అందులో చెయ్యడం ఉంది, పోనివ్వడమూ ఉంది.

"కానిస్తున్నానా, కానిస్తున్నామా? వాళ్ళ మాటలో ఏదీ లేదట. తెలుగులో ఏదో ఒకటి తేల్చాలిగా అత్తయ్యా."

"అది అడిగినప్పుడు చూసుకుందాంలే" అంది.

ఏప్రిల్ 14, ఆదివారం

సినిమా అయిపోయింది.

చివర్లో బస్సు ఆఖరి ట్రిప్పు. తండ్రికి చెయ్యి నొప్పి, కూతురే నడుపుతోంది. ఏమీ జరగదు. ఒక మలుపు, ఇంకో మలుపు, ఒక ముసలమ్మ సంచీతో ఎక్కుతుంది. ఎలా ఉన్నావని ఆ పిల్లని అడుగుతుంది. ఆ పిల్ల ఒకసారి అద్దంలో వెనక సీటు చూస్తుంది, అక్కడ తండ్రి కిటికీకి తలానించి నిద్రపోతున్నాడు. గేరు మారుస్తూ అంటుంది, "అనా ఫెన్." తండ్రి మాట కూతురి నోట. నేను చెప్పక్కర్లేకుండానే అత్తయ్య, "కానిస్తున్నాం" అంది మెల్లగా.

తెర నల్లబడింది. పేర్లు పడుతున్నాయి.

"ఆ కుర్రాడు రాలేదేం?" అంది అత్తయ్య.

"రెండో భాగంలో వస్తాడేమో" అన్నాను.

రెండో భాగమట. నా మొహం. తేలు కుట్టిన దొంగలా లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాను.

ఏప్రిల్ 15, సోమవారం

ల్యాబ్ నుంచి వచ్చేసరికి అత్తయ్య హాల్లో కూర్చుని ఉంది. బల్లఫ్యాను ఆపేసి ఉంది. "కూర్చో" అంది. చెప్పులు కూడా విప్పకుండా కూర్చున్నాను.

"మా ఎక్స్ఛేంజిలో ట్రంకు కాల్సు కలిపేటప్పుడు, లైను తగిలిందో లేదో తెలియాలని రెండు మాటలు వినేవాళ్ళం. చావు కబురు చెప్పేవాళ్ళ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏ భాషైనా ఒకటే. ముందు గాలి వస్తుంది, తర్వాత మాట వస్తుంది. ఆ డ్రైవరు కొడుక్కి ఉద్యోగం రాలేదే అమ్మాయ్."

నేను తల దించుకున్నాను. ఆవిడకి నా మొహం కనబడదని తెలిసీ దించుకున్నాను.

"మొదటి రోజే తెలుసా అత్తయ్యా?"

"తెలుసు."

"మరి రోజూ ఎప్పుడొస్తాడు, ఎప్పుడొస్తాడు అని..."

"ఇవాళైనా చెప్తావేమోనని."

చెప్పులు విప్పి పక్కన పెట్టాను. ఆవిడే అంది, "నేను ఏడుస్తానని నువ్వు చెప్పవు. నువ్వు ఏడుస్తావని నేను అడగను. ఇద్దరం మర్యాదస్తులం. ఇంత మర్యాద నా వల్ల కాదే. రేపు మొదటి నుంచీ పెట్టు. ఉన్నది ఉన్నట్టు చదువు."

ఏప్రిల్ 16, మంగళవారం

చదివాను.

ఏప్రిల్ 17, బుధవారం

నిన్న రాయలేకపోయాను, ఇవాళ రాస్తాను.

మళ్ళీ ఆ ముసలాయన బస్సెక్కాడు. "మీ అబ్బాయి కనబడడేం?" అని చదివాను. తర్వాత అక్షరాలు పడ్డాయి. చిన్న వాక్యం. నేను సినిమా ఆపాను. తెర మీద డ్రైవరు మొహం, సగం తెరిచిన నోరు. అత్తయ్య నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది, తొందర పెట్టలేదు.

"మా అబ్బాయి చనిపోయాడు" అని చదివాను.

ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ గట్టిగా అనలేదు. వచ్చినవాళ్ళు అన్నారు, ఫోనుల్లో అన్నారు. మేమిద్దరం అనలేదు. "అప్పుడు", "ఆ తర్వాత", "వానల్లో" అనేవాళ్ళం. ఎక్కడిదో భాష, ఎవరో బస్సు డ్రైవరు, ఆయన మాటని నా నోట్లో పెట్టాడు. ఆ మాట బయటికొచ్చాక ఇంకేదీ ఆగలేదు. ఇద్దరం ఏడ్చాం, దాచుకోకుండా, ముక్కులు ఎగబీలుస్తూ ఏడ్చాం. అత్తయ్య నా వీపు రాస్తూ, "నా కొడుకు, నా కొడుకు" అంది. నేను ఆయన పేరు పెట్టి పిలిచాను. పెళ్ళయ్యాక ఆవిడ ఎదుట ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు.

తర్వాత టీ పెట్టుకుని ఆయన గురించే మాట్లాడుకున్నాం. ఆదివారం, ఆదివారం అని ఫ్యాను బాగుచెయ్యకుండా ఎన్ని ఆదివారాలు దాటించాడో చెప్పుకున్నాం. "టక్‌టక్‌మంటోంది చూడరా అంటే, తాళం వేస్తోందమ్మా, పాట నువ్వు పాడు అనేవాడు" అంది అత్తయ్య. నాకది తెలియదు. ఆయన గురించి నాకు తెలియనివి ఇంకా ఉన్నాయి, చెప్పే మనిషి పక్కనే ఉంది. ఇంత సంపద ఇంట్లో పెట్టుకుని ఎంత పేదరికం అనుభవించాను!

ఏప్రిల్ 20, శనివారం

వచ్చే శనివారం లైబ్రరీలో ఆ సినిమా వేస్తారట. "నాలుగు ముక్కలు రాసివ్వు చెల్లెమ్మా, బోర్డు మీద అంటిస్తాను. నేను రాస్తే జనం రావట్లేదు" అన్నారు డైరెక్టరుగారు.

"నాకెందుకిచ్చారు ఆ సినిమా?" అని అడిగాను.

ప్లాస్టరు అంటిన వేళ్ళని చూసుకుంటూ, "రోజూ ఎలా ఉన్నావంటే బాగున్నానండీ అనేదానివి. మరీ వరసగా ఉండేదమ్మా నీ జవాబు" అన్నారు.

ఆయనకి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియలేదు. ఆయన అచ్చుల అంచుల మీద మిగిలిన ప్లాస్టరంతా నేనే గీకి శుభ్రం చేసి పెట్టాను.

ఇంటికొచ్చి రాయడానికి కూర్చున్నాను. "హృదయాన్ని కదిలించే కుటుంబ గాథ." కొట్టేశాను, హృదయం కదిలితే డాక్టరు దగ్గరికి పోతారు గానీ సినిమాకెవరొస్తారు? "కటలాన్ సినిమాలో సహజత్వం." ఇది చూస్తే నిద్రపోయే ఆయన కూడా రాడు. అత్తయ్య, "ఏముందో అది రాయి, ఎందుకా వేషాలు" అంది. చివరికి ఇలా తేలింది:

"ఒక పాత బస్సు. ఒక తండ్రి, ఒక కూతురు. ఫైటింగు లేదు, పాట లేదు, కావాలని ఏడిపించరు. వాళ్ళ ఇంటి భాషలో వాళ్ళు మాట్లాడుకుంటారు, మనం గుమ్మంలో నిలబడి వింటాం. చూసి వెళ్ళాక మీ ఇంట్లోవాళ్ళని ఎలా ఉన్నావని అడుగుతారు, జవాబు వచ్చేదాకా ఆగుతారు. కింద పడే అక్షరాలు చదవలేనివాళ్ళు నా పక్కన కూర్చోండి, చదివి చెబుతాను."

చివరి వాక్యం నేను రాయాలనుకోలేదు. చెయ్యి రాసేసింది.

ఏప్రిల్ 24, బుధవారం

వదిన ఆదివారం వస్తుంది. అత్తయ్య సూట్‌కేసు దించి దుమ్ము దులిపాను. నాకేం, హాయిగా ఉంటుంది అని రాద్దామని కూర్చున్నాను. కలం కదల్లేదు.

ఉండమని అడగొచ్చు. కానీ కన్నకూతురు పిలుస్తుంటే కోడలు అడ్డం పడితే ఏం బావుంటుంది? వదిన ఇంట్లో మనుషులున్నారు, పిల్లలున్నారు, మేడ మెట్లు లేవు. ఇక్కడ పగలంతా ఒక్కతే. అడగడం నా స్వార్థం. అత్తయ్యా అడగలేదు, ఉంటాననలేదు. మళ్ళీ మర్యాదస్తులమైపోయాం.

ఏప్రిల్ 27, శనివారం

లైబ్రరీకి పదిమందికి పైనే వచ్చారు. డైరెక్టరుగారు కుర్చీలు చాలక కంగారు పడ్డారు, అంత సంతోషంగా కంగారుపడే మనిషిని నేను చూడలేదు. నా పక్కన అత్తయ్య, అటు పక్క కళ్ళజోడు మర్చిపోయిన ఒక పెద్దాయన, వెనకాల ఇంగ్లీషు రాని ఇద్దరు ఆడవాళ్ళు. చదివాను. ఉన్నది ఉన్నట్టు. కొడుకు మాట దగ్గర గొంతు తడబడింది గానీ ఆగలేదు. "అనా ఫెన్" దగ్గరికి వచ్చిన ప్రతిసారీ అత్తయ్య నాకన్నా ముందే "కానిస్తున్నాం" అని అందించేది, ఏకవచనం బహువచనం చూడకుండా. నిద్రపోయే ఆయన నిద్రపోలేదు.

సూట్‌కేసు ఇంకా ఖాళీగానే ఉంది. సర్దమని ఆవిడ అనలేదు, సర్దనా అని నేను అడగలేదు.

ఏప్రిల్ 28, ఆదివారం

వదిన వచ్చింది. మెట్లెక్కి వచ్చి, చెమటలు కక్కుతూ, సంచీ కింద పడేసి అత్తయ్య ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది.

"ఎలా ఉన్నావమ్మా?"

అత్తయ్య ఒక్క క్షణం నా వైపు తిరిగింది. నా చెవులు చూసుంటుంది, అంతకన్నా ఏం కనబడుతుంది? తర్వాత కూతురి వైపు తిరిగి, గంభీరంగా, ఆ డ్రైవరులాగే అంది:

"అన్నా, ఫ్యాను."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. వదినకేం తెలుసు? "ఉక్కగా ఉందామ్మా? నన్ను అన్నా అంటావేంటి, నేనమ్మా" అంటూ లేచి, గోడ దగ్గరికి వెళ్ళి, ఈపాటికి బాగుచేయించి ఉంటామనుకుందేమో, హాల్లో పెద్ద ఫ్యాను స్విచ్ నొక్కేసింది.

వద్దని అరవబోయాను. అప్పటికే తిరిగింది.

టక్. దుమ్ము రాలింది. టక్. టక్. వేగం అందుకుంది. టక్‌టక్‌టక్‌టక్. పోయిన వానల నుంచి మేమిద్దరం తాకని స్విచ్. ఆ చప్పుడు గది నిండా పరుచుకుంది. వదిన తల పైకెత్తింది. "ఇది తమ్ముడు బాగుచేస్తానన్నది కదూ..." అని ఆగిపోయింది.

"ఆదివారం చూస్తానన్నాడు. ఇవాళ ఆదివారమే" అంది అత్తయ్య. అని నవ్వింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా నవ్వింది. ఆవిణ్ణి చూసి నేను. మా ఇద్దరికీ మతిపోయిందని వదిన హడిలిపోయింది. బస్సు సంగతి, డ్రైవరు సంగతి, ఫ్యాను సంగతి ఒకరి మాటకి ఒకరం అడ్డం పడుతూ చెప్పాం. వింటూ వింటూ వదిన అలాగే ఫ్యాను కింద చాప మీద కూలబడి, తమ్ముణ్ణి తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పాపం, మేమిద్దరం ఒకరికొకరం దొరికాం, తనకి ఇన్నాళ్ళూ ఎవరూ దొరకలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

కాస్త తేరుకున్నాక, "సరే, బట్టలు సర్దలేదేం?" అంది వదిన.

అత్తయ్య పమిట సర్దుకుంది. "అమ్మా, నేను రానే. ఎండలు తగ్గాక వచ్చి నెల్లాళ్ళుంటాలే."

"ఇక్కడ పగలంతా ఒక్కదానివే ఉంటావు. నిన్నెవరు చూసుకుంటారు?"

"నన్ను చూసుకోవడం కాదే. నేను వచ్చేస్తే ఇది ఎవరికి చదువుతుంది?"

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. టీకని చెప్పాను. నీళ్ళు పెట్టడం కూడా మర్చిపోయి ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి నిలబడ్డాను. ఇంత సంతోషం మోయడం అలవాటు తప్పింది. ఎవరికి చెప్పాలి కృతజ్ఞత? అత్తయ్యకా, డైరెక్టరుగారికా, ఓడలో వంట చేసుకుంటున్న ఆయనకా, అసలు లేనే లేని డ్రైవరుకా? అందరికీ.

హాల్లో ఫ్యాను తాళం వేస్తూనే ఉంది.

ఏప్రిల్ 30, మంగళవారం

నేనే కిందికి వెళ్ళి ఎలక్ట్రీషియన్ని పిలిచాను. స్టూలెక్కి చూసి, ఒక రెక్క దగ్గర మర వదులైందన్నాడు. బిగించేశాడు. టీ చల్లారకముందే పని అయిపోయింది. "ఇంత చిన్నదానికి ఇన్నాళ్ళు ఉగ్గబట్టుకున్నారేంటమ్మా?" అన్నాడు. టీ గ్లాసు అతని చేతికిచ్చాను.

గాలి ఇప్పుడు చప్పుడు లేకుండా వస్తోంది. కొత్తగా ఉంది. అలవాటవుతుంది.

వెళుతూ గుమ్మంలో ఆగి, స్క్రూడ్రైవరు సంచీలో పెట్టుకుంటూ, అసలు సంగతి ఇప్పుడే గుర్తొచ్చినట్టు అడిగాడు. "ఆయన పోయాక మిమ్మల్ని పలకరించనే లేదమ్మా. ఏమనాలో తెలీక. ఎలా ఉన్నారు?"

"కానిస్తున్నాం బాబూ" అన్నాను.

లోపల్నుంచి అత్తయ్య కేకేసింది. "ఏమన్నావే? మళ్ళీ చెప్పు, చివరక్షరం వినబడలేదు."

"కానిస్తున్నాం అన్నానత్తయ్యా."

"ఆఁ. అదీ" అంది.